టీపీఎస్ కొత్తది కొనేముందు మీటరు పెట్టి చూడండి

కాలు పెట్టగానే బండి కదలదు. కాస్త ఆగి ఒక్కసారిగా ఉరుకుతుంది. 40లో ఒకే తీరున పోతుంటే జర్కులు కొడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం పైకీ కిందికీ ఊగి, ఒక్కోసారి ఇంజనే ఆగిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో నేను కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను. ఈ బాధలతో వచ్చేవాళ్లలో చాలామంది జబ్బుతో పాటు మందు కూడా వాళ్లే చెప్పేస్తారు: “టీపీఎస్ పోయిందంట బాబాయ్, కొత్తది తెచ్చా, వేసెయ్.” టీపీఎస్ అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్, మీ కాలు ఎంత నొక్కిందో ఇంజను కంప్యూటర్‌కు చెప్పేది.

వేసెయ్యడం ఎంతసేపు? రెండు స్క్రూలు, వైర్లు తగిలించే ఒక కప్లర్. కానీ తీసిన పాతదాన్ని మీటరుతో చూస్తే చాలాసార్లు శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. జబ్బు వైర్లో ఉంటుంది, ఎర్త్‌లో ఉంటుంది, కాదంటే ఇంజనులోకి గాలి వదిలే, మసి పట్టిన థ్రాటిల్ బాడీలో ఉంటుంది. అందుకే ఏ బండికైనా ముందు మీటరు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ అంటాను. ఈ పరీక్ష మీ ఇంటి ముందు మీరే చేసుకోవచ్చు. మీటరు పట్టుకోవడం వస్తే చాలు.

ముందే ఒక మాట. పెడల్ నుంచి థ్రాటిల్ బాడీ దాకా ఇనప కేబుల్ ఉన్న బండ్ల గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను. మారుతి 800 ఎంపీఎఫ్ఐ, పాత ఆల్టో, పాత వ్యాగన్ ఆర్, శాంత్రో లాంటివి. బానెట్ ఎత్తి, ఎవరినైనా యాక్సిలరేటర్ నొక్కమనండి. థ్రాటిల్ బాడీ పక్కన కేబుల్ లాగితే తిరిగే చక్రం ముక్క కనిపిస్తే మీది ఈ రకం. కేబుల్ లేకుండా మోటారుతో తెరుచుకునే కొత్త బండ్ల సంగతి చివర్లో చెబుతాను. వాటి దారి వేరు.

ఆ చక్రానికి అవతలి కొసన, థ్రాటిల్ ఇరుసు చివర బిగించిన చిన్న నల్ల పెట్టె టీపీఎస్. లోపల పెద్ద విద్యేమీ లేదు. పాత రేడియో వాల్యూమ్ బటన్ లోపల ఏముంటుందో ఇక్కడా అదే: ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే ఒక నాలుక. పట్టీ ఒక కొసకు ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్, 5 వోల్టులు పంపుతుంది, రెండో కొస ఎర్త్. థ్రాటిల్ ఎంత తెరుచుకుంటే నాలుక అంత జరుగుతుంది, దాని మీద వోల్టేజీ అంత పెరుగుతుంది. ఆ వోల్టేజీ చూసి మీ కాలు ఎంత నొక్కిందో ఈసీయూ లెక్క కట్టుకుంటుంది. పాతబడ్డ రేడియో బటన్ తిప్పితే ఒక చోట గరగరమంటుంది కదా, పట్టీ అరిగిన టీపీఎస్ కూడా సరిగ్గా అదే చేస్తుంది. కాకపోతే ఆ గరగర మనకు వినపడదు, బండి జర్కు రూపంలో తెలుస్తుంది.

మీటరు సంగతి

ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే పసుపు రంగు చవక డిజిటల్ మీటరు చాలు. కానీ అందులో 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వెయ్యండి. ఈ చవక మీటర్లలో బ్యాటరీ దిగిపోతే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 5 ఉండాల్సిన చోట 6 కనపడి, ఈసీయూ పోయిందని బెంబేలెత్తినవాళ్లున్నారు. అనుమానం వస్తే కారు బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఇంజను ఆపి కొంతసేపయిన మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య చూపాలి. 14 చూపిస్తోందంటే మీటరుకే వైద్యం కావాలి.

డయల్ డీసీ వోల్టుల వైపు 20 మీద పెట్టండి. ఎర్ర ప్రోబ్ వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల మీద పెడితే నేరుగా షార్ట్ చేసినట్టే. అలాగే ఓమ్‌ల మీద డయల్ ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చెయ్యకూడదు.

ఇంకా కావాల్సినవి: రెండు సన్నని గుండుసూదులు, రెండు మొసలి క్లిప్పులు, లోపల కూర్చుని పెడల్ నొక్కే మనిషి. మనిషి లేకపోతే కేబుల్ చక్రాన్ని చేత్తోనే తిప్పొచ్చు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్లో పెట్టండి. ఇంజను స్టార్ట్ చెయ్యరు గానీ కీ ఆన్‌లో ఉంటుంది. వేడి ఇంజను అయితే రేడియేటర్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరగొచ్చు. చేతులూ వైర్లూ దానికి దూరంగా ఉంచండి.

మొదట 5 వోల్టులు, తర్వాత ఎర్త్

సెన్సర్‌ను పరీక్షించడం అంటే అందరూ సెన్సర్ మీదే పడతారు. నేను ముందు దానికి తిండి సరిగ్గా అందుతోందా అని చూస్తాను. కీ ఆఫ్ చేసి కప్లర్ ఊడదీయండి. లాక్ నొక్కి ప్లాస్టిక్ పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. లోపల పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉందా, పిన్ను వెనక్కి జారిపోయిందా చూడండి. మూడో వంతు కేసులు ఇక్కడే తేలిపోతాయని లెక్కలు చెప్పలేను గానీ, మీటరు తీయకముందే దొంగ దొరికిన రోజులు నాకు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు కీ ఆన్. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు క్లిప్ చెయ్యండి. ఎర్ర ప్రోబ్‌తో కప్లర్‌లోని మూడు పిన్నులూ ఒక్కొక్కటే తాకండి. పిన్నులోకి ప్రోబ్ గుచ్చొద్దు, అది వెడల్పయి రేపు లూజ్ కాంటాక్ట్ తెస్తుంది. గుండుసూది ఆనించి చూడండి. ఒకదాని మీద 4.8 నుంచి 5.2 మధ్య రావాలి. కొన్ని బండ్లలో కప్లర్ ఊడి ఉన్నప్పుడు సిగ్నల్ వైరు మీద కూడా 5 కనపడొచ్చు, అందుకు కంగారు పడక్కర్లేదు.

ఎక్కడా 5 రాకపోతే సెన్సర్ మారిస్తే ఒరిగేదేమీ లేదు. ఆ 5 వోల్టులు చాలా బండ్లలో టీపీఎస్ ఒక్కదానికే కాదు, ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ లాంటివాటికీ కలిపి వెళ్తాయి. వాటిలో ఏదో ఒకటి లోపల షార్టయితే అందరికీ కరెంటు పోతుంది. కీ ఆఫ్ చేసి మ్యాప్ సెన్సర్ కప్లర్ ఊడదీసి, మళ్లీ కీ ఆన్ చేసి చూడండి. 5 తిరిగి వచ్చిందంటే దోషి మ్యాప్, మీ టీపీఎస్ కాదు.

ఎర్త్ పిన్ను తేల్చడానికి కీ ఆఫ్ చెయ్యండి. డయల్ 200 ఓమ్‌ల మీద పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి పిన్నులు తాకండి. దాదాపు సున్నా చూపేది ఎర్త్. చవక మీటర్ల వైర్లకే అర ఓమ్ ఉంటుంది కాబట్టి ఒకటి వరకూ పర్వాలేదు. ఐదూ పదీ చూపిస్తుంటే ఎక్కడో ఎర్త్ వదులైంది.

అసలు పరీక్ష

కప్లర్ తిరిగి పెట్టేయండి. ఇకమీదట పరీక్ష అంతా కప్లర్ బిగించి ఉండగానే. వైరు కప్లర్‌లోకి దిగే చోట చిన్న రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలు పక్కనుంచి, వైరు వెంటే గుండుసూదిని మెల్లగా లోపలికి తోస్తే లోహానికి తగులుతుంది. కొందరు వైరు మధ్యలో తొడుగుకే పిన్నీసు గుచ్చేస్తారు. ఆ పూటకు పని జరుగుతుంది. వానాకాలంలో ఆ రంధ్రంలోంచి తేమ దిగి రాగి చిలుముపడుతుంది, ఏడాది తిరక్కుండానే అదే బండి అదే జబ్బుతో తిరిగొస్తుంది.

ముందు ఎర్త్ వైరు వెనక సూది పెట్టి, డయల్‌ను మళ్లీ డీసీ 20 మీదకు తెచ్చి, కీ ఆన్ చేసి చూడండి. బ్యాటరీ నెగటివ్‌కూ ఈ ఎర్త్‌కూ మధ్య 0.1 వోల్టుకు మించకూడదు. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ ఆన్ చేసి మళ్లీ చూడండి. లైట్లు వేయగానే ఆ అంకె పైకి పాకితే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ వైరు ఊడదీసి, ఎమెరీ కాగితంతో రుద్ది బిగించండి.

ఇప్పుడు సిగ్నల్ వైరు. థ్రాటిల్ కదిపితే ఏ వైరు మీద అంకె మారుతుందో అదే సిగ్నల్, రంగులు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. నల్ల క్లిప్‌ను సెన్సర్ ఎర్త్ సూదికే పెట్టుకోండి, ఎర్రది సిగ్నల్ సూదికి. కాలు తీసి ఉన్నప్పుడు చాలా బండ్లలో 0.4 నుంచి 0.9 వోల్టుల మధ్య ఉంటుంది. పూర్తిగా తెరిస్తే 4 దాటి, 4.7 దాకా పోవచ్చు. మీ బండి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే రెండు కొసల అంకెలకంటే మధ్య ప్రయాణమే ముఖ్యం.

ఈ ప్రయాణాన్ని మెల్లగా, చాలా మెల్లగా చేయించాలి. డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. పెడల్ గబుక్కున తొక్కితే మధ్యలో వోల్టేజీ పడిపోయి లేచినా మీటరుకు తెలియదు. మూసి ఉన్న స్థితి నుంచి పూర్తిగా తెరిచేదాకా ఇరవై సెకన్లు తీసుకోండి. బాగున్న సెన్సర్ అయితే 0.52, 0.58, 0.66, 0.75 అంటూ మెట్టు తప్పకుండా ఎక్కుతుంది. అరిగినదైతే 0.66 తర్వాత 0.21కి పడి, వెంటనే 0.83కి లేస్తుంది. ఆ 0.21 దగ్గర ఈసీయూకు మీరు కాలు తీసేసినట్టు అనిపిస్తుంది, పెట్రోలు తగ్గిస్తుంది. మీకు జర్కు.

ఎక్కువగా అరిగేది మొదటి పావు భాగంలోనే. విజయవాడ ట్రాఫిక్‌లో బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగ్ దాకా ఎన్నిసార్లు తిరిగినా కాలు అంతకంటే కిందికి వెళ్లే అవకాశం ఎక్కడుంది? అందుకే 0.5 నుంచి 1.5 వోల్టుల మధ్య రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ కదిపి చూడండి. కదుపుతూ సెన్సర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెత్తగా తట్టండి. వైర్లు కాస్త ఊపండి. తట్టినప్పుడే అంకె ఎగిరితే సెన్సర్, ఊపినప్పుడే ఎగిరితే వైరు.

ఇంట్లో తాతల నాటి ముల్లు మీటరు ఉంటే దాన్ని బయటికి తీయండి. ఈ ఒక్క పనికి నేను ఇప్పటికీ ముల్లు మీటరే వాడతాను. ముల్లు నున్నగా లేస్తోందా, మధ్యలో వణుకుతోందా అన్నది అంకెలు చదివే పని లేకుండా కంటికి ఆనుతుంది.

పొద్దున్నే బాగుండి మధ్యాహ్నం మాత్రమే ఏడిపించే బండ్లుంటాయి. మే నెలలో బానెట్ కింద ఉడికేదాన్ని చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి బాగుందనేస్తే ఎలా? ఇంజను వేడెక్కాక ఆపి, వెంటనే పరీక్ష చెయ్యండి. లేదంటే హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సర్‌కు కొంచెం వేడి పట్టించండి.

అంకెల్లో అర్థం

పెడల్ ఎంత నొక్కినా సిగ్నల్ సున్నా దగ్గరే ఉంటే సెన్సర్‌కు 5 అందడం లేదు, లేదా సిగ్నల్ వైరు ఎక్కడో బాడీకి తగిలింది, లేదా లోపలి నాలుక పట్టీని వదిలేసింది. ఎంత కదిపినా 5 దగ్గరే ఉంటే ముందు ఎర్త్ తెగిందేమో చూడండి. ఎర్త్ లేకపోతే 5 వోల్టులకు దిగే దారి లేదు, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి చూస్తే నాలుక ఎక్కడున్నా 5 చూపిస్తుంది. ఇది చూసి సెన్సర్ మార్చేవాళ్లు ఎందరో! ఈసీయూలోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ ఉంటే, పీ0122 అంటే సిగ్నల్ తక్కువ, పీ0123 అంటే ఎక్కువ, పీ0121 అంటే అంకె ఉంది గానీ ఇంజను తీరుకు పొసగడం లేదు అని. ఈ కోడ్లు సర్క్యూట్ గురించి చెబుతాయి. సెన్సర్ మార్చమని ఏ కోడూ చెప్పదు.

పూర్తిగా నొక్కినా 3.5 దాటడం లేదా? ఇంజను దగ్గర చక్రాన్ని చేత్తో చివరిదాకా తిప్పండి. ఇప్పుడు 4.3 వస్తే సెన్సర్ నిక్షేపంగా ఉంది. కేబుల్ సాగింది, లేదా పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డం పడుతోంది. దీపావళికి కొత్త మ్యాట్లు వేయించుకుని, ఆ వారంలోనే పికప్ తగ్గిందని వచ్చినవాళ్లను చూశాను. అలాగే కాలు తీశాక మొదటి అంకెకు తిరిగి రాకుండా 0.52కు బదులు 0.70 దగ్గర ఆగిపోతుంటే థ్రాటిల్ రేకు చుట్టూ మసి గట్టిపడి ఉంటుంది. క్లీనర్‌తో, మెత్తని గుడ్డతో తుడవండి. ఆ స్ప్రే సెన్సర్ మీదికీ, ఇరుసు సందుల్లోకీ కొట్టకండి.

ఓమ్‌ల పరీక్ష కూడా ఉంది, దాన్ని రెండో సాక్షిగానే చూస్తాను. కీ ఆఫ్, కప్లర్ ఊడదీసి, 20 కిలో ఓమ్‌ల (20K) మీద డయల్ పెట్టి, సెన్సర్ రెండు కొసల పిన్నుల మధ్య చూస్తే ఈ రకం సెన్సర్లలో సాధారణంగా 2 నుంచి 6 కిలో ఓమ్‌లు వస్తుంది. థ్రాటిల్ కదిపినా అది మారకూడదు. సిగ్నల్ పిన్నుకూ ఒక కొసకూ మధ్య మాత్రం నున్నగా మారాలి, మధ్యలో ఎక్కడా మీటరు ఉత్త 1 చూపకూడదు, అలా చూపితే దారి తెగినట్టు. తాకిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే కొత్త సెన్సర్లకు ఈ పరీక్ష పనికిరాదు, వాటిని వోల్టులతోనే తేల్చుకోవాలి.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లు

దీనికి విడిగా చెప్పాలి. మన దగ్గర పాత వ్యాగన్ ఆర్‌లు, శాంత్రోలు ఎల్పీజీ మీద నడిచేవి చాలానే ఉన్నాయి. ఆ కిట్లలో చాలావాటికి కూడా థ్రాటిల్ సిగ్నల్ కావాలి. అందుకని కిట్ బిగించినవాళ్లు టీపీఎస్ సిగ్నల్ వైరు తొడుగు గీకి, దానికి తమ వైరు చుట్టి టేపు వేస్తారు. కొందరు సోల్డర్ చేసి స్లీవ్ వేస్తారు. కొందరు ఉత్త టేపే.

కంకిపాడు నుంచి ఒక మాస్టారు వ్యాగన్ ఆర్ తెచ్చారు. అప్పటికే వేరేచోట సెన్సర్ మార్పించారు, జర్కు మాత్రం పోలేదు. సెన్సర్ వెనక సూది పెట్టి చూస్తే 0.56 నుంచి 4.2 దాకా ఎక్కడా తడబాటు లేదు. మా కుర్రాడు “సెన్సర్ ఓకే అన్నా, ప్లగ్గులు చూద్దామా?” అన్నాడు. ఆగరా, ఈసీయూ దగ్గర కూడా చూద్దాం అన్నాను. అదే సిగ్నల్ వైరు మీద ఈసీయూ కప్లర్ వెనక సూది పెట్టి, వాడిని వైరింగ్ కట్టను చేత్తో ఊపుకుంటూ రమ్మన్నాను. బ్యాటరీ ట్రే పక్కకు రాగానే 0.56 కాస్తా ఊగడం మొదలైంది. టేపు విప్పితే బంక కారి, లోపల పచ్చగా చిలుము. వైరులోని పోగులు చాలావరకు పొడిగా రాలిపోయి, వెంట్రుకల్లాంటి రెండు పోగుల మీద వేలాడుతోంది. ఆ ముక్క కోసేసి, కొత్త వైరు సోల్డర్ చేసి, హీట్ స్లీవ్ వేసి, టీపీఎస్ వైరూ కిట్ వైరూ మళ్లీ కలిపాం. మాస్టారు కొన్న కొత్త సెన్సర్ బండిలోనే ఉంది, పాతది డిక్కీలో.

అంచేత గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే సెన్సర్ దగ్గర చూసి ఊరుకోవద్దు. అదే వైరును ఈసీయూ దగ్గర కూడా చూడండి. రెండు చోట్లా అంకె ఒకటే ఉండాలి.

కేబుల్ లేని బండ్లు

ఇక్కడ పెడల్ దగ్గర ఒక సెన్సర్, థ్రాటిల్ బాడీలో ఒకటి ఉంటాయి. ఒక్కోదానిలో రెండేసి సిగ్నళ్లు. థ్రాటిల్ బాడీలోని రెండు సిగ్నళ్లలో చాలా బండ్లలో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5 దగ్గర ఉంటుంది. పెడల్ దగ్గర సాధారణంగా ఒకటి రెండోదానిలో సగం. ఈ పొత్తు చెడితే పీ2135 లాంటి కోడ్ వచ్చి బండి ఈడ్చుకుంటూ పోతుంది. పెడల్ సిగ్నళ్లను పైన చెప్పినట్టే మీటరుతో చూసుకోవచ్చు. థ్రాటిల్ రేకును మాత్రం వేలితో తెరవకండి. కీ ఆన్‌లో ఉంటే మోటారు వేలు నొక్కేస్తుంది, కీ ఆఫ్‌లో ఉన్నా బలవంతం చేస్తే ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. వీటిలో చాలావాటికి విడి సెన్సర్ దొరకదు, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి. ఆ ఖర్చుకు ముందు స్కానర్ ఉన్నవాళ్లతో లైవ్ డేటా చూపించుకోవడం మేలు.

నిజంగానే పోయుంటే

పాతది తీసేముందు అది ఏ కోణంలో బిగించి ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. కొన్నిటికి స్క్రూ రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి, అటూ ఇటూ తిప్పి సరిచేయొచ్చు. అలాంటిదైతే మీటరు తగిలించి, కీ ఆన్ చేసి, మూసిన స్థితిలో మాన్యువల్ చెప్పిన అంకె వచ్చేదాకా తిప్పి బిగించండి. గుండ్రటి రంధ్రాలైతే తిప్పేదేమీ లేదు. కొత్తది పెట్టేటప్పుడు ఇరుసు నాలుక సెన్సర్ లోపలి గాడిలో పడాలి. మామూలుగా సెన్సర్‌ను కాస్త పక్కకు ఆనించి, స్ప్రింగు బిగువుకు ఎదురు తిప్పితే స్క్రూ రంధ్రాలు కలుస్తాయి. ఎదురు బిగువే లేకుండా తేలిగ్గా కూర్చుందంటే నాలుక గాడిలో పడలేదు. తీసి మళ్లీ పెట్టండి.

బిగించాక ఆ ఇరవై సెకన్ల పరీక్ష కొత్తదానికి కూడా చెయ్యండి, డబ్బాలోంచి వచ్చినంత మాత్రాన బాగుందని కాదు. కోడ్ ఉంటే స్కానర్‌తో చెరిపేయించండి. స్టార్ట్ చేసేముందు పెడల్ పూర్తిగా నొక్కి ఒక్కసారిగా వదలండి, థ్రాటిల్ టక్కున మూసుకోవాలి. ఎక్కడైనా పట్టేస్తుంటే ఇంజను స్టార్ట్ చెయ్యకుండా సెన్సర్ స్క్రూలు వదులు చేసి మళ్లీ చూడండి.